మిల్లు వీధి యాంటెనాలు

నూలు మిల్లు వెనక వీధి,
ఫిబ్రవరి 6, గురువారం.

మీకు,

నమస్కారం. నేనూ అత్తయ్యా క్షేమం. మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. పెళ్లయ్యాక మీరు ఇంట్లో ఉన్న నలభై రోజులూ "ఇదిగో", "అన్నం" అనే రెండు మాటలతోనే నెట్టుకొచ్చాను కదా. పోయిన నెల రాసిన కార్డులో రెండే వాక్యాలున్నాయి. ఇది నా మొదటి పెద్ద ఉత్తరం. తప్పులుంటే నవ్వకండి. నేను చదివింది ఐదో తరగతి వరకే.

మీరు జీపు డ్రైవరుతో పంపిన డిజిటల్ డబ్బా అందింది. కొండ మీద ఫోను పలకదని, గురువారం జీపు దిగినప్పుడే ఉత్తరాలు పంపాలని అతను చెప్పాడు. జిల్లా అంతటికీ బొమ్మలు పంపే చోట ఫోను పలకదంటే అత్తయ్య నమ్మలేదు. "వాడు ఫోను ఎక్కడో పారేసుకుని ఉంటాడు, చెప్పడానికి మొహం చెల్లక ఈ కథ" అన్నారు.

మీరు రాసిచ్చినట్టే మేడ మీది యాంటెనాను కొండ వైపు తిప్పాను. దాని తీగను డబ్బాకి, డబ్బాను టీవీకి కలిపాను. మధ్యాహ్నం మూడు గంటలకి మీ టవరు నుంచి బొమ్మ వచ్చింది. వచ్చిందంటే, వార్తలు చదివే ఆవిడ ముఖం గళ్లుగళ్లుగా విడిపోయి, ఒక కన్ను నుదుటి మీదికీ పెదవులు భుజం మీదికీ వెళ్లాయి. అత్తయ్య "పాపం, ఆవిడకి ఏమైందో" అని మంచినీళ్లు తాగారు. తరవాత తెర నల్లబడి "సిగ్నల్ లేదు" అని పడింది. పాత ప్రసారంలో చుక్కల మధ్య అయినా మనిషి ఉండేది. ఇందులో ఉంటే నిండుగా ఉంది, లేకపోతే అసలే లేదు. సిగ్నల్ నూటికి ఎంతని డబ్బా చూపించే అంకె 18.

బొమ్మ ఎలా వస్తోందో రాసే ఫారాలు ముప్పై ఇళ్లకు పంచమన్నారు. అది మాత్రం నా వల్ల కాదు. ఎదురింటి వాళ్లతోనే ఇంతవరకు మాట్లాడలేదు. ఫారాలు తిప్పి పంపమంటారా?

ఉంటాను.


కొండ మీద, టవరు స్టేషను,
ఫిబ్రవరి 12, బుధవారం.

ఇదిగోకి,

నువ్వు నన్ను పిలిచిన పేరుతోనే నిన్ను పిలుస్తున్నాను, కోపం వద్దు. నలభై రోజుల్లో నువ్వు ఆడిన మాటలన్నీ కుప్ప పోసినా ఈ ఉత్తరంలో సగానికి రావు. నోట్లో నాలుక లేదనుకున్నాను, అది చేతిలో ఉందన్నమాట.

ఫారాలు తిప్పి పంపకు. అసలు సంగతి చెప్తాను విను. మన ఊరు టవరుకి నలభై కిలోమీటర్లు. పటంలో సరిగ్గా అంచున ఉంది. ఏప్రిల్ పదిహేడున మా పెద్ద ఇంజనీరుగారు, అంటే పెద్దసారు, ఆ పటం మీద గీత గీస్తారు. ముప్పై ఇళ్లలో కనీసం ఇరవై ఇళ్లకు బొమ్మ నిలకడగా వస్తే మన ఊరు గీత లోపల. అప్పుడు మన ఊరి వైపు సిగ్నల్ పంపే ప్యానెల్‌ను టవరు మీద ఉంచుతారు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి ఎప్పటికీ ఇక్కడే ఉండాలి. ఆ మనిషికి కొండ కింద రెండు గదుల క్వార్టరు. "ఆ మనిషివి నువ్వే" అని సారు నాతో అన్నారు.

రాకపోతే ప్యానెల్ దింపేసి, టవరెక్కే మా నలుగురినీ ఇంకో కొండకి పంపుతారు. రైల్లో రెండు రోజుల దారి. మూడేళ్లు. కుటుంబాలను తీసుకెళ్లకూడదు.

కాబట్టి నువ్వు ఎదురింటి తలుపు కొడితే రెండు గదులు, కొట్టకపోతే మూడేళ్లు. కొట్టాక ఏమనాలో వెనక పేజీలో రాశాను. నాలుగే వాక్యాలు. బట్టీ పట్టు.

నీ ఆయన.


నూలు మిల్లు వెనక వీధి,
ఫిబ్రవరి 27, గురువారం.

ఏమండీ,

ఎదురింటావిడ వాళ్లాయన్ని ఇలా పిలుస్తుంటే విన్నాను. బాగానే ఉందనిపించి వాడుకుంటున్నాను.

మూడేళ్లు అన్న మాట చదివాక రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు ఫారం పట్టుకుని ఆవిడ ఇంటికే వెళ్లాను. ఆవిడ మిషను కుడతారు. గేటు దగ్గర పావుగంట నిలబడ్డాను. లోపల్నుంచి "జాకెట్టుకేనా అమ్మా, రా" అన్నారు. అవునన్నాను. కొలతలిచ్చి ఇంటికొచ్చేశాను. ఫారం చంకలోనే ఉండిపోయింది. మర్నాడు మళ్లీ వెళ్తే "ఇంకోటా?" అన్నారు. దానికీ అవునన్నాను. ఆ మర్నాడు ఆవిడే మిషను ఆపి, "పిల్లా, నీకు కావలసింది జాకెట్లు కాదు. అదేంటో చెప్పు, నా చేతిలో కత్తెర ఉందని జంకకు" అన్నారు. మీరు రాసిన నాలుగు వాక్యాలూ అప్పజెప్పాను. కళ్లు మూసుకుని అప్పజెప్పానట.

అంతే, ఆ కుట్టు పిన్ని నా చెయ్యి పట్టుకుని వీధంతా తిప్పారు. ప్రతి గుమ్మంలోనూ "ఈ పిల్ల మాట్లాడదు, నేను మాట్లాడతాను, మీరు వినండి" అని మొదలు. ముప్పై ఇళ్లూ ఒప్పుకున్నాయి. డబ్బాలు జీపులో వచ్చినవి వచ్చినట్టు పంచాను.

మొన్న ఆదివారం మూడింటికి వీధి మొత్తం మేడలెక్కింది. పైన మగవాళ్లు యాంటెనాలు తిప్పడం, కింద టీవీల ముందు ఆడవాళ్లు కేకలు వేయడం.

"వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది... పోయింది."

"ఎవరు పోయారే?" అని మూడో ఇంటి తాత కంగారుగా వీధిలోకి వచ్చారు.

ఎవరూ పోలేదు గానీ ఎవరికీ రాలేదు. అందరి అంకెలూ పన్నెండుకీ ఇరవై రెండుకీ మధ్యే ఉన్నాయి. టీవీ మెకానిక్ వచ్చి "టవర్లో దమ్ము లేదు" అని తేల్చేశాడు. పక్క మేడ మీది లెక్కల మాస్టారు ఒక గీతల పుస్తకం నా చేతికిచ్చి, "అంకెలన్నీ ఇందులో రాయి తల్లీ. తేదీ, టైము మరిచిపోకు. తేదీ లేని లెక్క పుకారుతో సమానం" అన్నారు. రాస్తున్నాను.

టవర్లో దమ్ము లేదా? కాస్త పెంచమని సారుకి చెప్పండి.

మీ
ఇదిగో.


కొండ మీద,
మార్చి 5, బుధవారం.

ఇదిగోకి,

దమ్ము నిండుగా ఉంది. తూర్పు ఊళ్లకీ ఉత్తరం వైపు ఊళ్లకీ అద్దంలా వెళ్తోంది. మన వైపే పాడు. మధ్యలో ఉన్న చిన్న గుట్ట నీడ మీ మీద పడుతోందని సారు అంటున్నారు. ఎర్ర పెన్సిలు అప్పుడే చెక్కి పెట్టుకున్నారు.

నువ్వు తలుపు కొట్టిన సంగతి చదివి ఇక్కడ అందరికీ చెప్పాను. రెండు జాకెట్ల దాకా చెప్పేసరికి వంటాయన గరిటె కింద పెట్టి నవ్వాడు. చెప్పినందుకు తిట్టుకో. కానీ వదలకు. కొంచెం ఎడమకి, కొంచెం కుడికి తిప్పించు. ఇంకా ఆరు వారాలుంది.

నీ ఆయన.


నూలు మిల్లు వెనక వీధి,
మార్చి 13, గురువారం.

ఏమండీ,

వచ్చింది. అంకె 74. ఈ ఉత్తరం రాస్తూ కూడా మధ్యలో లేచి వెళ్లి చూసొస్తున్నాను, ఇంకా 74 ఉంది.

మంగళవారం అత్తయ్య బొంత ఉతికారు. తీగ మీద చోటు లేక తీసుకెళ్లి యాంటెనా పుల్లల మీద ఒక పక్కగా ఆరేశారు. తడి బొంత బరువెంతో మీకు తెలుసు. బిగింపు జారి యాంటెనా పక్కకి దొర్లింది. మొహం కొండ వైపే ఉంది గానీ, పడుకుని ఉండాల్సిన పుల్లలన్నీ నిలబడ్డాయి. నేను కింద గిన్నెలు తోముతున్నాను. వెనక ఎవరో ఆడమనిషి స్పష్టంగా "ఉల్లిపాయలు సన్నగా తరుక్కోవాలి" అంది. ఇంట్లోకి ఎవరొచ్చారా అని చూస్తే టీవీలో వంటలావిడ. ఆవిడ బొటనవేలి గోరు కొస విరిగి ఉంది. అది కూడా కనపడింది.

అత్తయ్య పరుగున వచ్చి చూసి, "బొంత మహిమ" అన్నారు. నేను వద్దనేలోపే గోడ మీంచి కుట్టు పిన్నికి చెప్పేశారు. పిన్నికి చెబితే మైకులో చెప్పినట్టే. మర్నాడు పొద్దున మేడెక్కి చూద్దును కదా, వీధిలో పదకొండు యాంటెనాల మీద పదకొండు బొంతలు. పొడి బొంత వేసినవాళ్లకు రాలేదని "తడిదే వేయాలర్రా" అని పిన్ని ఇంటింటికీ చెప్పారు. నిన్నటిదాకా టవర్లో దమ్ము లేదన్న మెకానిక్, "నీళ్లు సిగ్నల్‌ను పట్టుకుంటాయి, మా పుస్తకాల్లో ఉంది" అని బకెట్టుతో తిరుగుతున్నాడు. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. రానివాళ్లు రెండో బొంత తడిపారు.

నాకు అనుమానం వచ్చి మా బొంత తీసేశాను. అంకె కదల్లేదు. మేడలన్నీ చూశాను. బొంత బరువుకి యాంటెనా దొర్లి పుల్లలు నిలబడిన ఇళ్లకే బొమ్మ వచ్చింది. బిగింపు గట్టిగా ఉండి పుల్లలు పడుకునే ఉన్న ఇళ్లకు రాలేదు. పక్క మేడ మీద మాస్టారు తలపాగాలా తువ్వాలు చుట్టుకుని తన బొంత పిండుతున్నారు. మధ్యలో సందు ఉంది, గొంతు పెంచితే గానీ వినపడదు. పెంచాను. "మాస్టారూ, బొంత కాదండీ, పుల్లలండీ" అని అరిచాను. ఆయన తిప్పి చూశారు. వాళ్లింట్లో 71.

ఇదంతా ఎందుకిలా ఉందో మీ సారునడిగి చెప్పండి. రెండు గదుల్లో వంటగది ఏ వైపుంటుందో కూడా.

మీ
ఇదిగో.


కొండ మీద,
మార్చి 19, బుధవారం.

శ్రీమతికి,

ఉత్తరం అందింది. యాంటెనా పుల్లలు పడుకోబెట్టే ఉంచాలి. మేమిచ్చిన కాగితంలో అలాగే ఉంది. నిలబెట్టిన సంగతి ఫారాల్లో రాయవద్దు. పెద్దసారు దాకా వెళ్లనివ్వవద్దు. బొంతలు తీయించు. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. అమ్మ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు.


నూలు మిల్లు వెనక వీధి,
మార్చి 20, గురువారం.

ఏమండీ గారూ,

ఎనిమిది వాక్యాలు. అందులో ఒకటి గాలి గురించి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. జీపు వెనక్కి వెళ్లేలోగా జవాబు ఇస్తున్నాను.

మాస్టారు రెండు పెన్సిళ్లు పెట్టి నాకు చూపించారు. "పంపే చోట ఎలా ఉంటే అందుకునే చోటా అలాగే ఉండాలి తల్లీ. ఇక్కడ నిలబడితేనే వస్తోందంటే అక్కడ కూడా ఏదో నిలబడే ఉంది. అది నిలబడాల్సింది అవునో కాదో మీ ఆయన్ని అడుగు" అన్నారు.

అడుగుతున్నాను. మా వైపు ప్యానెల్ ఎవరు బిగించారు?

జీపు డ్రైవరును కూడా అడిగాను. "ఆ వైపు పనంతా మా ఉడతదేనమ్మా. అంత చురుగ్గా ఎక్కేవాడు స్టేషన్లో లేడు" అన్నాడు. ఈ ఉడత ఎవరో మీకు తెలిసే ఉంటుంది. తెలిస్తే నా నమస్కారం చెప్పి, భయపడవద్దనండి. నేను కొట్టను, తిట్టను. చెప్పకపోతే మాత్రం ఎనిమిదికి ఎనిమిది వాక్యాలే రాస్తాను.

మీరు కారణం చెప్పేదాకా నేను ఆగను. నాకు మూడేళ్లు వద్దు. ఈ రోజు నుంచి ఇంటింటికీ వెళ్లి పుల్లలు నిలబెట్టిస్తున్నాను. కుట్టు పిన్నికి పని ఎక్కువగా ఉంది. ఒక్కదాన్నే వెళ్తాను.

మీ
ఇదిగో.


కొండ మీద,
ఏప్రిల్ 2, బుధవారం.

ఇదిగోకి,

ఉడత రాస్తున్నది. రెండు వారాలుగా కాగితం ముందు కూర్చోవడం, లేవడం. ఇక దాచను.

జనవరి పదహారున మన ఊరి వైపు ప్యానెల్ బిగించింది నేనే. ఆ పొద్దున్నే నీ కార్డు అందింది. "నేను క్షేమం. ఎక్కేటప్పుడు కిందికి చూడకండి." రెండే వాక్యాలని నువ్వంటావు గానీ, రెండోది నన్ను పట్టేసుకుంది. అరవై మీటర్ల ఎత్తులో, నడుముకి బెల్టు వేసుకుని వేలాడుతూ జేబులోంచి తీసి మళ్లీ చదివాను. నువ్వు చెప్పావని కిందికి చూడలేదు. ఊరి వైపు చూశాను. చూస్తూ చూస్తూ బోల్టులు బిగించేశాను.

ఆ ప్యానెల్ చదరపు పెట్టె. ఎటు తిప్పి పెట్టినా నాలుగు రంధ్రాలూ సరిపోతాయి. వీపు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఆకాశాన్ని చూడాలి. నీ బొంతల ఉత్తరం చదివాక దుర్భిణీ పెట్టి చూశాను. బాణం ఎడమ వైపు చూస్తోంది. మిగతా ఊళ్లకు పడుకుని వెళ్తున్న సిగ్నల్ మీకు ఒక్కరికే నిలబడి వస్తోంది.

సారుకి తెలిస్తే క్వార్టరు మాట అటుంచి, బెల్టు కూడా విప్పించేస్తారు. అందుకే ఇలా ఆలోచించాను. పదో తారీకున మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా టవరు ఆపుతారు. ఎర్ర దీపాలు మార్చడానికి నేనే ఎక్కుతాను. ఆ గంటలో ప్యానెల్‌ను సరిగ్గా తిప్పేస్తాను. ఎవరికీ తెలియదు. నువ్వు పదో తారీకు మూడింటికల్లా అన్ని యాంటెనాలూ పడుకోబెట్టించు. ఈ ఉత్తరం రేపు జీపులో చేరుతుంది. నీకు వారం టైముంది.

వంటగది తూర్పు వైపు.

ఉడత.


నూలు మిల్లు వెనక వీధి,
ఏప్రిల్ 10, గురువారం, పొద్దున పది గంటలు.

ఏమండీ,

పోయిన గురువారం జీపు రాలేదు, ఉత్తరమూ రాలేదు. అయినా చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఇరవై తొమ్మిది యాంటెనాలు నిలబడ్డాయి. ఇరవై ఏడు ఇళ్లలో బొమ్మ కదలకుండా వస్తోంది. ఒక్కో ఇంట్లో నిలబెట్టినప్పుడు ఎంత, పడుకోబెట్టినప్పుడు ఎంత అని రెండు వరసలుగా పుస్తకంలో రాశాను. పద్నాలుగు ఇళ్లకు ఒక్కదాన్నే వెళ్లాను. పదమూడో ఇంట్లో టీ కూడా తాగాను. ఇక మిగిలింది మూడో ఇంటి తాత యాంటెనా. ఆయనకు టీవీ లేదు. యాంటెనా మాత్రం ఉంది. "అందరివీ నిలబడితే నాదొక్కటీ పడుకోవాలా?" అని పట్టుబట్టారు. మధ్యాహ్నం ఆ పని చేస్తాను.

మూడుంబావు.

అన్నీ పోయాయి. ఇరవై తొమ్మిది ఇళ్లూ ఒక్కసారే. రెండింటికి "గంటసేపు ఆపుతున్నాం" అని తెర మీద వేసి ఆపేశారు, మూడయ్యాక వస్తుందని అందరం కూర్చున్నాం. అత్తయ్య సీరియల్లో ఇవాళే పెద్ద కొడుకు తన తండ్రి ఎవరో చెప్పాలి. అతను నోరు తెరిచి, గళ్లుగళ్లుగా విడిపోయాడు. వీధి వీధంతా మన గుమ్మంలో ఉంది. అత్తయ్య తలుపుకి అడ్డంగా నిలబడి "నా కోడల్ని ఏమీ అనకండి, అది ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది" అంటున్నారు.

నాలుగున్నర.

జీపు వచ్చింది. పోయిన వారం ఇరుసు విరిగి దారిలోనే ఆగిపోయిందట. మీ ఏప్రిల్ రెండు నాటి ఉత్తరం ఇప్పుడు చేతికొచ్చింది.

చదివాను. మీరు అక్కడ టవరెక్కి ప్యానెల్‌ను పడుకోబెడుతున్నప్పుడు, నేనిక్కడ తాతగారి మేడ మీద ముప్పయ్యో యాంటెనాను నిలబెడుతున్నాను. కోపం రావాలి. రాలేదు. నవ్వు ఆగలేదు. గుమ్మంలో వాళ్లందరూ చూస్తుండగానే నవ్వాను. రెండు వాక్యాల కార్డుకే ప్యానెల్ తిరిగిపోతే, ఇంతింత ఉత్తరాలు రాస్తున్నాను, టవరు పడిపోకుండా చూసుకోండి.

ఇప్పుడు వెళ్లి అన్నీ పడుకోబెట్టించాలి. ఏం చెప్పి పడుకోబెట్టించాలో మాత్రం తెలియదు.

మీ
ఇదిగో.


కొండ మీద,
ఏప్రిల్ 16, బుధవారం.

ఇదిగోకి,

నీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. రేపు జీపులో పెద్దసారే మన వీధికి వస్తున్నారు. ఇళ్లు చూసి, అక్కడికక్కడే పటం మీద గీత గీస్తారట.

ఏమడిగినా "తెలియదు" అను. తప్పు నాది, దాన్ని నువ్వు మొయ్యకు. మాట్లాడకపోవడం నీకు బాగా వచ్చిన విద్యే కదా. ఒక్క రోజు మళ్లీ అలా ఉండు.

ఉడత.


నూలు మిల్లు వెనక వీధి,
ఏప్రిల్ 17, గురువారం.

ఏమండీ,

మీ మాట వినలేదు. మొదటే చెప్పేస్తున్నాను.

సారు పొద్దున్నే వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఆయనే ఒక టవరులా ఉన్నారు. ఆరిళ్లు చూశారు. పుల్లలన్నీ పడుకునే ఉన్నాయి. అంకెలు నలభై దగ్గర ఊగుతున్నాయి. బొమ్మ వస్తోంది, నిమిషానికోసారి కొయ్యబారుతోంది. ఫారాల ప్రకారం ముప్పైలో పన్నెండు ఇళ్లకే నిలకడ. సారు మన గుమ్మంలో స్టూలు మీద పటం పరిచి, ఎర్ర పెన్సిలు తీసి, "గుట్ట నీడేనమ్మా. మీ ఊరు బయట పెట్టక తప్పదు" అన్నారు.

కుట్టు పిన్ని ఊరుకుంటారా. "మొన్నటిదాకా అద్దంలా వచ్చిందండీ. పదో తారీకున మీరేం తిప్పారో ఏమో" అన్నారు.

"మేమేం తిప్పలేదే" అన్నారు సారు. నిజంగానే తెల్లబోయారు, పాపం.

అందరూ నా వైపు చూశారు. తెలియదు అన్న మాట నాలుక కొసనే ఉంది. అది అంటే మీకు మాట రాదు, మనకు మూడేళ్లు వస్తాయి. వీధికి టీవీ ఎప్పటికీ రాదు. లోపలికెళ్లి పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి ఒక్కో పేజీ చదివారు. పదో తారీకు ముందు నిలబెడితే డెబ్బై, పడుకోబెడితే పద్దెనిమిది. ఆ తరవాత నిలబెడితే పదిహేను, పడుకోబెడితే నలభై. ప్రతిదానికీ తేదీ, టైము.

"పదో తారీకు మూడింటికి ఏం జరిగింది?" అన్నారు.

కళ్లు మూసుకోలేదు. "మా ఆయన ఆ ప్యానెల్‌ను ముందు తప్పుగా పెట్టారండి. పదో తారీకున సరిగ్గా పెట్టారు. తప్పుగా ఉన్నప్పుడే మాకు బాగా వచ్చిందండి" అన్నాను.

"మీ ఆయన ఎవరు?"

మీ పేరు నోట రాలేదు. "ఉడత" అన్నాను.

సారు మంచినీళ్లడిగారు. అత్తయ్య పెద్ద చెంబుతో ఇచ్చారు. తాగి, మళ్లీ పుస్తకం తెరిచి, ఉన్నట్టుండి పటం మీద వంగిపోయారు. మీ కొండకు చాలా దూరంలో ఇంకో కొండ ఉందట. దాని టవరు కూడా ఇదే చానెల్ మీద, పడుకునే పంపుతుందట. అది ఇంత దూరం రాదనుకున్నారట. మన వీధికి వస్తోంది. "రెండూ ఒకేలా పడుకుని వస్తుంటే మీ డబ్బాలు తికమకపడుతున్నాయి. మాది నిలబడి వస్తే ఎవరు ఎవరో తెలుస్తోంది. నీడా లేదు, గీడా లేదు" అని ఎర్ర పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు.

"మరి మా ఆయన్నేం చేస్తారండీ?" అన్నాను. అది కూడా నేనే అడిగాను, పిన్ని కాదు.

"తిట్టాలో మెచ్చుకోవాలో కొండెక్కేలోగా తేల్చుకుంటాను" అన్నారు.

పుస్తకం పట్టుకెళ్తానన్నారు. అందినట్టు రాసిమ్మన్నాను. రాసిచ్చారు. ఆ కాగితం అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు.

మీ
ఇదిగో.


కొండ మీద,
ఏప్రిల్ 23, బుధవారం.

నా ఇదిగోకి,

సారు రెండూ చేశారు. తిట్టడం ముందు చేశారు, అది గంటసేపు. అనుమతి లేకుండా ప్యానెల్ ముట్టుకున్నందుకు కాగితం మీద కూడా తిట్టి, నాతో సంతకం పెట్టించారు. బుద్ధొచ్చింది, నిజంగా.

మర్నాడు ఇంకో కాగితం రాసి, దాని మీద తను సంతకం పెట్టి నన్ను మూడోసారి ఎక్కించారు. కింద దుర్భిణీ పట్టుకుని నిలబడి "ఎడమకి, బాణం ఎడమకి" అని ఆయనే అరిచారు. జనవరిలో నేను ఎలా బిగించానో ఇప్పుడు అచ్చు అలాగే ఉంది. అప్పుడు తప్పు, ఇప్పుడు ఉత్తర్వు. మెకానిక్ చేత మీ వీధిలో పుల్లలన్నీ మళ్లీ నిలబెట్టించి, డ్రైవరు అంకెలు రాసుకొచ్చాడు. ఇరవై తొమ్మిది ఇళ్లు. తాతగారి ఫారంలో "టీవీ కొన్నాక చెప్తాను" అని ఉంది. నిన్న సాయంత్రం నా కళ్ల ముందే సారు గీత గీశారు. మన ఊరు లోపల.

క్వార్టరు తాళంచెవి నా దగ్గరుంది. సున్నం వేయించాను. ఒక్కటే చిక్కు. ఆ రెండు గదులూ సరిగ్గా టవరు పాదాల దగ్గరున్నాయి. సిగ్నల్ నెత్తి మీంచి ఎగిరిపోతుందట. దీపం కింద చీకటి. అక్కడ టీవీ రాదు. అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ పని నువ్వే చెయ్యి. నీకిప్పుడు మాటలొచ్చు.

ఉడత.


జీపులో, కొండ మలుపుల మీద,
మే 1, గురువారం.

ఉడతగారికి,

ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. మలుపుల వల్ల అక్షరాలు వంకర పోతున్నాయి. డ్రైవరు అద్దంలోంచి చూసి "ఇంకో గంటలో మనిషే కనపడతాడు కదమ్మా, ఇంకా ఉత్తరం ఎందుకు?" అన్నాడు. అతనికేం తెలుసు.

అత్తయ్యతో చెప్పాను. "టీవీ రాని ఇంట్లో మనుషులు ఏం చేస్తారే?" అన్నారు. సీరియల్లో పెద్ద కొడుకు తండ్రి ఎవరో ఇంకా తేలలేదు. అది తేలాక వస్తారట. అందాకా కుట్టు పిన్ని మిషను మన ముందు గదిలోకే వచ్చేసింది. ఇద్దరూ రిమోటు కోసం దెబ్బలాడుకుంటూ నాకు సరిగా వీడ్కోలు కూడా చెప్పలేదు.

అత్తయ్య అడిగిన దాని గురించి నేను దారంతా ఆలోచించాను. రెండు గదులు, టీవీ లేదు, ఫోను పలకదు. ఇద్దరమే. మాట్లాడుకోవడం తప్ప దారి లేదు. ఏమేం మాట్లాడాలో ఒక పట్టీ రాసుకున్నాను. పన్నెండు విషయాలున్నాయి. కాగితం మీద ఉన్నంతసేపు ధైర్యంగానే ఉంది.

టవరు కనపడుతోంది. దాని కింద ఎవరో చెయ్యి ఊపుతున్నారు. జీపు ఆగగానే ఇది మీ చేతిలో పెట్టి పక్కన నిలబడతాను. చదువుతున్నంతసేపు నా వైపు చూడకండి. చదివాక మొదటి మాట మీరు మొదలుపెట్టండి, ఏదైనా సరే, గాలి గురించైనా సరే. రెండో మాట నుంచి నేను చూసుకుంటాను.

మీ
ఇదిగో.